పట్టికకు ఎలక్ట్రానులు చెప్పే సాక్ష్యం ఎంత?

ఆవర్తన పట్టికను గూర్చిన పాఠం మన ఉన్నత పాఠశాలల్లో సాధారణంగా ఒకే ధోరణిలో సాగుతుంది. పరమాణువులో ఎలక్ట్రానులు కర్పరాలలో అమరి ఉంటాయి. ఆ అమరికనుబట్టే పట్టిక ఏర్పడింది. కాబట్టి అమరిక తెలిస్తే పట్టిక తెలిసినట్లే. ఇందులో నిజం చాలా ఉన్నది. కాని ఉన్న నిజానికంటే ఎక్కువ చెప్పుతున్నారన్నదే నా అభ్యంతరం.

ముందు కాలక్రమం చూడండి. మెండలీఫ్ తన పట్టికను ప్రకటించింది 1869లో. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించింది 1897లో. ఎలక్ట్రాను ఊసే లేనినాడు, పరమాణు భారాలనూ రసాయన ధర్మాలనూ చూసి కట్టిన ఇల్లు అది. పునాదిని తరువాతివారు తవ్వి చూశారు.

ఇక అసలు విషయం. కర్పరాలలో పట్టే ఎలక్ట్రానుల గరిష్ఠ సంఖ్యలు వరుసగా 2, 8, 18, 32. దీనికి పౌలీ 1925లో ప్రతిపాదించిన వర్జన నియమం చక్కని కారణం చూపింది. కాని పట్టికలో పీరియడ్ల నిడివి 2, 8, 8, 18, 18, 32, 32. ఈ రెండు వరుసలూ ఒకటి కావు గదా! మూడవ కర్పరంలో 18 ఎలక్ట్రానులు పట్టేటప్పుడు, ఆర్గాన్‌లో అక్కడ 8 మాత్రమే ఉండగా, పొటాషియంలో 19వ ఎలక్ట్రాను నాలుగవ కర్పరానికి ఎందుకు పోయింది? విద్యార్థిగా నేనీ ప్రశ్న అడిగితే, "బాహ్య కర్పరంలో 8కి మించి ఉండరాదు" అన్నారు. ఉపాధ్యాయుడినై చాలా ఏళ్లు నేనూ అదే చెప్పాను. అది జవాబు కాదు, ప్రశ్ననే తిరగవేసి చెప్పడం. అసలు కారణం వేరు. 4ఎస్ ఎలక్ట్రాను లోపలి ఎలక్ట్రానుల తెరను దాటి కేంద్రకం దగ్గరికి చొచ్చుకొని పోగలదు; 3డి ఎలక్ట్రాను అంతగా పోలేదు. అందుచేత పొటాషియంలో 4ఎస్ శక్తి తక్కువ.

పై తరగతుల్లో దీనిని ఒక సూత్రంగా నేర్పుతారు. ఎన్, ఎల్ క్వాంటం సంఖ్యల మొత్తం తక్కువైన ఉపకర్పరం ముందు నిండుతుంది. 4ఎస్‌కు మొత్తం 4, 3డికి 5. మాడెలుంగ్ పేరుతో ప్రసిద్ధమైన ఈ సూత్రం పీరియడ్ల నిడివిని సరిగ్గానే ఇస్తుంది. అయితే దీనిని క్వాంటం యాంత్రికశాస్త్రపు మూల సూత్రాలనుండి ఎవరూ రాబట్టలేదని 1969లో లోవ్‌డిన్ ఎత్తిచూపాడు. తరువాతి ప్రయత్నాల విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు.

చిక్కు వచ్చేది స్కాండియం దగ్గర. ముందు నిండిందీ 4ఎస్సే, అయాను ఏర్పడేటప్పుడు ముందు ఖాళీ అయ్యేదీ 4ఎస్సే అని చెప్పి ఊరుకుంటే పిల్లవాడు ఏమనుకోవాలి? స్కాండియంనుండి రెండు ఎలక్ట్రానులను తీసివేస్తే, ఆర్గాన్ విన్యాసంపై మిగిలే ఒక్క ఎలక్ట్రానూ 3డిలో ఉంటుంది, 4ఎస్‌లో కాదు. కేంద్రకావేశం పెరిగేసరికి 3డి శక్తి కిందికి దిగిపోయింది. మరి తటస్థ పరమాణువులో రెండు ఎలక్ట్రానులు 4ఎస్‌లో ఎందుకున్నాయి? 3డి ఇరుకైన చోటు. అక్కడే అన్నీ చేరితే వాటి పరస్పర వికర్షణ మరీ ఎక్కువవుతుంది. కాబట్టి "4ఎస్ శక్తి 3డి కంటే ఎప్పుడూ తక్కువ" అన్న వాక్యాన్ని కొట్టివేయాలి.

క్రోమియం 3డిలో 5, 4ఎస్‌లో 1 అన్నప్పుడు, "సగం నిండిన ఉపకర్పరానికి స్థిరత్వం ఎక్కువ" అనే మందు వేస్తారు. అదే గ్రూపులోని టంగ్‌స్టన్‌కు ఈ మందు పనిచేయదు. దానికి 5డిలో 4, 6ఎస్‌లో 2. పల్లాడియం సంగతి మరీ వింత. అది అయిదవ పీరియడులో ఉన్నది, కాని దాని అయిదవ కర్పరంలో ఒక్క ఎలక్ట్రాను కూడా లేదు.

హీలియం మాటేమిటి? బాహ్య కర్పరంలో రెండు ఎస్ ఎలక్ట్రానులే కనుక, విన్యాసమే ప్రమాణమైతే దాని చోటు బెరీలియం పైన. దానిని నియాన్ పైన ఉంచింది దాని జడత్వాన్ని చూసి, అంటే రసాయన ధర్మాన్ని చూసి. విన్యాసమే పట్టికను కట్టిందని చెప్పే పాఠం ఈ సంగతి ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించదు.