మౌనమునకు మార్కులు

మెదడును గూర్చి పరిశోధించు మనోవైద్యుని పని యెచ్చట ప్రారంభమగునని యెవరైన నడిగినచో, అందఱును ఊహించునట్లు స్కానింగు యంత్రముయొద్దననియో, మెదడు తునుకలను గాజుపలకపై పరచిన సూక్ష్మదర్శినియొద్దననియో చెప్పుటకు నాకు మనసొప్పదు. ఎదుటి కుర్చీలో కూర్చుండి, అడిగినదానికి ముక్తసరిగ నొక మాట చెప్పి, పిదప నేలచూపులు చూచుచుండు రోగియొద్దనే ఆ పని మొదలగునని, స్కిజోఫ్రెనియా రోగుల సాన్నిధ్యమున ఉద్యోగజీవితమెల్ల గడపిన నా నమ్మకము. యంత్రము మెదడు పరిమాణమును మిగుల సూక్ష్మముగ కొలువగలదు. కాని ఏ మెదడును ఏ మెదడుతో పోల్చవలయునో, రోగులలో నెవరినెవరితో నొక గుంపుగ చేర్చవలయునో దానికి తెలియదు. ఆ విభజన చేయవలసినది చెవి. ఈ సంగతిని తన రచనలద్వారా నాకు నేర్పిన ఆచార్య నాన్సీ ఆండ్రియాసెన్ అను అమెరికా విదుషిని నేనెన్నడును చూచియుండలేదు. ఈ వారము ఆమె పరిశ్రమను గూర్చి వ్రాయదలచితిని.

అంతకుముందు, మా ఓపీకి వచ్చు కుటుంబములు రోగిని దేనికొఱకు తెచ్చునో చెప్పవలెను. చెవిలో నెవరో తిట్టుచున్నారనుట, అన్నములో విషము కలిపిరని పళ్లెమును త్రోసివేయుట, అర్ధరాత్రి తలుపు తీసికొని వీధినిబడి పరుగెత్తుట, ఇవి యింటివారిని హడలగొట్టును గనుక, గుడిలో నిద్ర చేయించి, దర్గాలో తాయెత్తు కట్టించి, అప్పటికిని తగ్గనిచో ఆసుపత్రికి తీసికొనివత్తురు. అధికసంఖ్యాకులకు ఆ కేకలును ఆ అనుమానములును మందులతో కొన్ని వారములలో ఉపశమించును. అటుపిమ్మట నెలకొకసారి మాత్రల చీటీకి వచ్చునపుడు తల్లి చెప్పు మాట వేఱు. "గోల తగ్గింది బాబూ, ఆ దేవుడి దయ. కానీ వీడికి ఒళ్ళు బద్ధకం. చెబితేగాని స్నానం చెయ్యడు, పలకరిస్తేగాని పలకడు. చెల్లెలి పెళ్ళయింది, ఒక నవ్వు లేదు, ఒక ఏడుపూ లేదు." ఆమె బద్ధకమని పేరుపెట్టిన ఆ స్థితియే రోగమునందలి కఠినతరమైన భాగమనియు, ఉద్యోగమును, చదువును, స్నేహములను హరించునది చెవిలోని మాటలకంటె అదియేననియు ఆమెకు నచ్చజెప్పుట మందు వ్రాయుటకంటె కష్టము.

లేనిదానిని చూచుటకు శిక్షణ కావలయును. మన తార్కికులు దీనిని బాగుగ నెఱుగుదురు. ఆంధ్రుడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున సప్తపదార్థములలో కడపటిదిగ అభావమును చేర్చి, దానిని మరల నాల్గువిధములుగ విభజించెను. పుట్టకపూర్వపు లేమి యొకటి, నశించిన పిదపటి లేమి యొకటి, ఏ కాలమునను లేకపోవుట యొకటి, ఇది అది కాకపోవుట యొకటి. పాఠశాలలలో బాలురచే వల్లెవేయించెడి ఈ విభాగము శుష్కమని తలచువారు ఒక్క పూట నా గదిలో కూర్చుండవలెను. ఈ కుఱ్ఱవాడు చిన్ననాటినుండియు మితభాషియా, లేక పందొమ్మిదవ యేటివఱకు వీధి క్రికెట్టులో అందఱికంటె బిగ్గరగ అరచి, ఆపైన మాట నశించినవాడా యను ప్రశ్నకు సమాధానము దొరకనిదే నేను రోగనిర్ణయము చేయజాలను. మొదటిది స్వభావము, రెండవది ప్రధ్వంసాభావము, అనగా రోగము.

ఆండ్రియాసెన్ 1938లో నెబ్రాస్కా రాష్ట్రపు లింకన్ నగరమున జన్మించెను. ఆమె మొదటి చదువు వైద్యము కాదు, ఆంగ్లసాహిత్యము. 1963లో డాక్టరేటు పొంది, అయోవా విశ్వవిద్యాలయమున పునరుజ్జీవనకాలపు సాహిత్యమును బోధించుచు, పదునేడవ శతాబ్దిప్రారంభమున ప్రేమను మృత్యువును సమానమైన తీక్ష్ణతతో గానము చేసిన జాన్ డన్ను అను కవినిగూర్చి యొక గ్రంథము వ్రాసెను. అది 1967లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమున వెలువడెను. ఈ నడుమ తొలికాన్పు పిమ్మట సూతికాజ్వరము సోకి, ఆమె ప్రాణము మీదికి వచ్చెను. ఒక శతాబ్దమునకు ముందైనచో ఎందఱో బాలింతలవలె తానును మరణించియుండెడిదాననియు, పెనిసిలిన్ తన్ను బ్రతికించెననియు గ్రహించిన ఆమెకు, డన్ను కవితపై మఱియొక గ్రంథము వ్రాయుటకంటె, అట్టి ప్రాణదానము చేయగల విద్యలో నొక చిన్నభాగమైనను తాను చేయుట మేలని తోచెను. అధ్యాపకపదవిలో కుదురుకొని, చంటిబిడ్డను ఒడిలోనుంచుకొన్న స్త్రీ వైద్యకళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థినిగ చేరుట ఆ దినములలో ఆ దేశముననైనను సామాన్యవిషయము కాదు. 1970లో వైద్యపట్టమును, 1973లో మనోవైద్యమున శిక్షణను ముగించి, ఆమె అయోవాలోనే నిలిచిపోయెను.

సాహిత్యమును విడిచి వైద్యమునకు వచ్చెనని యామెనుగూర్చి చెప్పుట పరిపాటి. నా అభిప్రాయమున ఆమె దేనిని విడువలేదు. స్కిజోఫ్రెనియాకు ఆ పేరుపెట్టిన స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్, భావములకు పరస్పరసంబంధము సడలిపోవుటయే ఈ రోగమునకు మూలలక్షణమని 1911 నాటి తన గ్రంథమున ప్రతిపాదించినది మొదలు, "ఆలోచనాక్రమము చెడినది" అని వైద్యులు రోగిపత్రములలో వ్రాయుచువచ్చిరి. ఆలోచన కంటికి కనబడదు, వినబడునది మాట. వాక్యము ఎచ్చట పట్టాలు తప్పినదో, ప్రశ్నకు జవాబు ఎచ్చట ప్రక్కకు ఒరిగినదో, అర్థముచేత గాక శబ్దసామ్యముచేత ఒక పదము మఱియొక పదమును ఎచ్చట లాగికొనివచ్చినదో కనిపెట్టుట కావ్యపాఠమున ఆరితేరినవారికి చేతనైన పని. ఆండ్రియాసెన్ 1979లో ఇట్టి వాగ్దోషములను పదునెనిమిదింటిని వేర్వేరుగ నిర్వచించి, ఇద్దఱు వైద్యులు వేర్వేరుగ విన్నను ఒకే నిర్ణయమునకు రాగలుగునట్లు ఒక కొలమానమును ప్రకటించెను. దానితో తేలిన సంగతి గురువుల మాటకు విరుద్ధము. ఉన్మాదావస్థలోనున్న మేనియా రోగుల మాటలును అట్లే పట్టాలు తప్పుచుండెను. కాగా అది స్కిజోఫ్రెనియాకు మాత్రమే చెందిన ముద్ర కాదు. కొలుచువాడు తాను కోరినది మాత్రమే దొరకవలెనని పట్టుపట్టరాదను నియమము ఆమె జీవితమున ఇట్లు తొలుతనే అమలులోనికి వచ్చెను.

1983లో ఆమె వెలువరించిన రెండవ కొలమానము లేమిలక్షణములకు సంబంధించినది. మఱుసటి యేడు ప్రకటించినది భ్రమలకు, భ్రాంతులకు. లేమిలక్షణముల కొలమానమున విభాగములైదు: ముఖమునను కంఠమునను భావము ఇంకిపోవుట, మాట కఱవగుట, పూనిక నశించుట, సుఖమునందును సహవాసమునందును రుచి పోవుట, శ్రద్ధ నిలువకపోవుట. ప్రతి అంశమునకును సున్న మొదలు అయిదు వఱకు మార్కులు. వినుటకిది గుమాస్తాపనివలె తోచును. చేయుట అట్లు కాదు. నేను ప్రశ్న వేసి ఊరకుండవలెను. రోగి ఎన్ని క్షణములకు పలికెనో గమనింపవలెను. ఆ నిశ్శబ్దమును భరింపలేక నేనే మఱియొక ప్రశ్న వేసినచో, కొలువవలసినదానిని నేనే చెరిపివేసినవాడనగుదును; యువవైద్యులకు నేర్పుటకు అన్నిటికంటె కష్టమైన భాగమిది. నవ్వదగిన మాట యొకటి చెప్పి, పెదవి కదలెనా, కన్ను కదలెనా చూడవలెను. తలదువ్వుకొన్నాడా, చొక్కా గుండీలు సరిగ పెట్టుకొన్నాడా యని చూచుటతో చాలదు, అవి తాను పెట్టుకొన్నాడో తల్లి పెట్టినదో అడుగవలెను. ఇంతయు చేసిన పిమ్మట ఇంకొక చిక్కు కలదు. ముఖము కదలకుండుట రోగమువలననా, మేమిచ్చిన మాత్రలవలన కండరములు బిగిసికొనుటచేతనా? గదిలోనుండి వెలుపలికి రాకుండుట పూనిక లేమిచేతనా, వెలుపల తన్ను చంపుటకు కాచియున్నారను భయముచేతనా? మార్కు ఒకటే, కారణములు వేఱు. కారణము తెలియక వైద్యము చేసినచో మాత్రలు తగ్గింపవలసినచోట పెంచుట జరుగును.

మెదడు సంగతికి వత్తును. ఈ రోగమున మెదడునందు ఏదో మార్పుండవలెనని ఆది నుండియు శంకించినవారున్నారు. మ్యూనిక్కున మనోవైద్యాచార్యుడు క్రెపెలిన్ చెంత పనిచేసిన అల్‌జైమరంతటివాడు సూక్ష్మదర్శినితో వెదకియు నిశ్చయముగ నేమియు నిలువబెట్టజాలలేదు. తరువాతి వారును విఫలులగుటచే, స్కిజోఫ్రెనియా మెదడువ్యాధుల శోధకులకు శ్మశానమను నానుడి యొకటి పుట్టినది. 1976లో లండను సమీపమున నార్త్‌విక్ పార్కు ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో మున్నగువారు అప్పటికి క్రొత్తదియైన సీ.టీ. స్కానుతో పదునేడుగురు దీర్ఘరోగులను ఎనమండుగురు ఆరోగ్యవంతులతో పోల్చి, రోగుల మెదడులోని ద్రవకుహరములు పెద్దవై యున్నవని చూపిరి. ఇంత చిన్న సంఖ్యపై నిలిచిన పరిశోధన ఇంతటి త్రోవ చూపుట అరుదు.

ఎం.ఆర్.ఐ. వచ్చినంతనే ఆండ్రియాసెన్ దానిని చేపట్టి, 1986లో రోగుల నుదుటివెనుకటి మెదడుభాగమును, కపాలమును కూడ కొంత చిన్నవిగ నున్నవని ప్రకటించెను. పోల్చుటకు తెచ్చిన ఆరోగ్యవంతులు రోగులకంటె చదువుకొన్నవారని విమర్శ వచ్చెను. ఆమె చదువులో సమానులైనవారిని కూర్చి మరల కొలిచెను. ఆ తగ్గుదల కనబడలేదు. 1990లో దానినిగూడ తన పేరుతోనే అచ్చువేయించెను. ఆమె జీవితమున నేను మిక్కిలి గౌరవించు ప్రకటన ఇదియే, 2000లో అమెరికా ప్రభుత్వమిచ్చిన జాతీయ విజ్ఞానపతకము కాదు. పిదప 1994లో అనేకుల ప్రతిబింబములను ఒకదానిపై నొకటి పేర్చి సగటు మెదడును నిర్మించి, థాలమస్ అను లోభాగమున భేదమును చూపెను. మెదడు పైపొరను, థాలమస్సును, చిన్నమెదడును కలుపు వలయమున కాలసమన్వయము తప్పుటయే రోగమునకు మూలమని, అనగా రోగము ఒక స్థలమున గాక స్థలములనడుమ నున్నదని, 1998 నాటికి ఆమె వాదించెను. ఇది సిద్ధాంతమే గాని నిరూపితసత్యము కాదు. అయినను మాట, నడక, భావము అన్నియు ఏకకాలమున ఏల శ్రుతి తప్పునో చెప్పుటకు ప్రయత్నించిన సిద్ధాంతము గనుక నాకు ప్రీతి.

నేటికిని స్కాను చూచి స్కిజోఫ్రెనియాను నిర్ణయింపగల వైద్యుడు లేడు. గుంపుల సగటులయందు భేదమున్నను, వ్యక్తుల కొలతలు ఒకదానిలో నొకటి కలిసిపోవును. వేలకు వేలు పోసి తీయించిన ఫిల్ములను బల్లమీద పఱచి "ఇందులో ఏముందండీ" యని అడుగు తండ్రులకు ఈ మాట చెప్పునపుడు వారి ముఖమున కలుగు నిరాశ నాకు సుపరిచితము.

అయోవా నగరమునకు ప్రసిద్ధి తెచ్చిన రచయితల శిక్షణాలయమొకటి 1936 నుండి అచ్చట నున్నది. జేమ్స్ జాయిస్ కుమార్తెకును, ఐన్‌స్టైన్ కుమారునికిని స్కిజోఫ్రెనియా యుండుటచే, ప్రతిభకును ఈ రోగమునకును రక్తసంబంధమున్నదని ఆండ్రియాసెన్ ఊహించి, ఆ శిక్షణాలయపు రచయితలను ముప్పదిమందిని ముప్పదిమంది ఇతరులతో పోల్చెను. నవలాకారుడు కర్ట్ వాన్నెగట్ వారిలో నొకడు. ఆ రచయితలలో స్కిజోఫ్రెనియా కానరాలేదు. నూటికి ఎనుబదిమందికి ఎప్పుడో యొకప్పుడు విషాదమో ఉన్మాదమో కలిగినట్లు తేలెను. 1987లో ఆమె ఊహను విడిచి లెక్కను అచ్చువేసెను. ముప్పదిమందితో ప్రపంచములోని కవులకెల్ల జాతకము వ్రాయరాదు. "కవికి కొంచెము పిచ్చి యుండవలెను" అని సభలలో ఈ పరిశోధనను ఉదాహరించు మన కవిమిత్రులకు ఆ మాట చెప్పి విసిగితిని.

అన్నిటికంటె నిష్ఠురమైన లెక్క కడపట వచ్చెను. రోగము తొలిసారి బయటపడినవారిని చేర్చుకొని, ఏండ్లతరబడి మరల మరల రప్పించి స్కాను తీయుచుండిన ఆమె బృందము, 211 మంది రోగుల 674 స్కానులను పరిశీలించి, ఎక్కువ మందు వాడినవారిలో మెదడు పదార్థము కొంత ఎక్కువగ తగ్గినట్లు 2011లో ప్రకటించెను. తొందరపడిన మాట రోగులచే మందు మాన్పించునను భయముతో ఆ ఫలితమును కొంతకాలము వెలువరింపక నిలిపితినని ఆమెయే చెప్పినది. 2013లో వచ్చిన రెండవ వ్యాసము, రోగము తిరుగబెట్టి ఎక్కువకాలము నిలిచినవారిలోను మెదడు పదార్థము తగ్గునని చూపెను. మందు ఎక్కువైనను నష్టము, మందు లేక రోగము ముదిరినను నష్టము. ఈ మందుల వెనుక మన దేశపు మొక్క యొకటి కలదని ప్రసంగవశమున చెప్పుదును: కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో ఉన్మాదమునకు పనిచేయునని వ్రాసిన సర్పగంధినుండి తీసిన రిసర్పిన్‌ను కుందేళ్లకిచ్చి పరిశోధించుచునే, స్వీడను శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ మెదడున డోపమిన్ అను రసాయనపు పనిని కనుగొని, 2000లో నోబెల్ బహుమానము నందెను. ఆ డోపమిన్‌ను అడ్డు మందులు చెవిలోని మాటలను అణచును. లేమిలక్షణములపై వాని ప్రభావము స్వల్పము.

ఈ నడుమ ఒక రోగి అక్క ఫోనులో చదివివచ్చి, "ఈ మాత్రలు మెదడును అరగదీస్తాయట కదా డాక్టరుగారూ, ఆపేద్దామా?" యని యడిగినది. రెండు వ్యాసముల సంగతియు ఆమెకు చెప్పితిని. ఆపవద్దంటిని, మోతాదును మెల్లగ ఎంతవఱకు తగ్గింపవచ్చునో చూతమంటిని, తగ్గించు దినములలో నిద్ర చెడినను, గొణుగుడు మొదలైనను అప్పుడే రమ్మంటిని. "మరి వాడి బద్ధకానికో?" అన్నది. దానికి నాయొద్ద మాత్ర లేదంటిని. వారికి కిరాణా దుకాణమున్నది. ప్రొద్దుట ఒక గంట అతనిని తూకముయొద్ద కూర్చుండబెట్టుమనియు, అతడు ఆలస్యముగ పలికినను కొనువారికి తాను బదులుచెప్పక ఊరకుండుమనియు చెప్పితిని. అంతసేపు కొనేవాళ్ళు ఆగుతారా అని ఆమె అడిగినది. తెలిసినవాళ్లు ఆగుదురంటిని.