మజిలీ నుంచి పన్నెండో జిల్లా దాకా: అద్భుత, దుర్లోక నవలామాలికల పాఠకాసక్తి – ఒక పరిశీలన

అద్భుత లోకాలను సృష్టించే నవలామాలికలను, పీడక భవిష్యత్తును చిత్రించే నవలామాలికలను భాగం తరవాత భాగంగా, విడవకుండా చదివే పాఠకుడు తెలుగు విమర్శకు పెద్దగా పట్టలేదు. అతని ప్రస్తావన ఎక్కడైనా వచ్చినా రెండు మాటలతో ముగిసిపోతుంది: అతనిది పలాయనం, అతని అభిరుచి దిగుమతి సరుకు. 'హారీ పాటర్' ఏడు భాగాలు (1997–2007), 'హంగర్ గేమ్స్' మూడు భాగాలు (2008–2010) చదివి పెరిగిన తరం ఇవాళ మన తెలుగు శాఖల్లో పరిశోధకులుగా ఉన్నది. తాము ఇష్టపడి చదివినదాన్ని గురించి తెలుగులో రాయడానికి ఆ తరం జంకుతున్నదంటే, అందులో పై రెండు మాటల పాలు తక్కువ కాదు. ఆ మాటలను పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇలాంటి పరీక్షకు మహానగరం కంటే చిన్న పారిశ్రామిక పట్టణం అనువైన చోటు. ఈ వ్యాసకర్త పాఠకుడైంది కాగజ్‌నగర్‌లో కనుక ఆ ఊరిని ఎంచుకోవడంలో కొంత పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకోవాలి.

పరిభాష గురించి ఒక మాట. 'డిస్టోపియా'కు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. దుష్టపాలన అంటే దోషం పాలకుడి మీదికి పోతుంది. పాలకుడు మారితే కథ ముగిసినట్లే. ఈ నవలల్లో జబ్బు ఏర్పాటులో ఉంటుంది, పాలకుడు దానికి కాపలాదారు మాత్రమే. అందుకని ఇక్కడ 'దుర్లోకం' అనే మాట వాడుతున్నాను. అంతకంటే మంచి మాట దొరికితే దీన్ని వదులుకోవడానికి అభ్యంతరం లేదు.

ముందు దిగుమతి సంగతి చూద్దాం. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలుగా వెలువడ్డాయి. మణిసిద్ధుడనే బ్రాహ్మణుడు కాశీయాత్రకు బయలుదేరుతూ తోడు కోసం వెతుకుతాడు. చివరకు ఒక గోపకుమారుడు ఒక షరతు మీద వస్తానంటాడు: దారిలో మజిలీ మజిలీకీ తాను చూసిన వింతను గురించి అడుగుతాడు, దాని కథ మణిసిద్ధుడు చెప్పాలి. ఈ చట్రాన్ని గురించి మాట్లాడినవాళ్లు కథకుడైన మణిసిద్ధుని దగ్గరే ఎక్కువగా ఆగారు. కానీ యాత్రను నడిపించేది గోపుడి ఆశ. అతనికి పుణ్యం అక్కరలేదు, కాశీ కూడా అక్కరలేదు. రేపటి మజిలీలో కథ ఉంటుందన్న నమ్మకమే అతణ్ణి నడిపిస్తుంది. నవలామాలిక పాఠకుడి తొలి చిత్రం తెలుగు వచనంలో ఇదేనని నా అభిప్రాయం. కరీంనగర్ ప్రాంతంలో రాత్రుల తరబడి సాగే ఒగ్గుకథ శ్రోత కూడా ఇతనికి దగ్గరి చుట్టమే. ఇక ఆదిలాబాద్ గోండుల కొలుపుల్లో ప్రధానులు కిక్రీ వాయిస్తూ పాడే గాథలున్నాయి. గుహలో బందీలైన దేవతలను లింగో విడిపించిన వృత్తాంతం వాటిలో ముఖ్యమైనది. ఈ ప్రాంతం అద్భుతాన్ని పుస్తకాల అంగడిలో కొనుక్కోవలసి వచ్చిన ప్రాంతం కాదు.

గోపుడి ఆశకు మన అలంకారశాస్త్రంలో ఒక పేరున్నది. సంచారిభావాలు ముప్పైమూడింటిలో 'ఔత్సుక్యం' ఒకటి. కోరిన వస్తువు విషయంలో కాలవిలంబాన్ని సహించలేకపోవడం దాని లక్షణం. ఆలంకారికులకు అది వచ్చిపోయే భావం. ప్రధానంగా శృంగారానికి తోడు నిలిచే భావం. మాలికా రచన ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. అద్భుతానికి స్థాయి విస్మయం. విస్మయం నిలిచేది కొద్దిసేపే. రెండోసారి చూసిన రెక్కల గుర్రం మామూలు గుర్రమవుతుంది. ఏళ్ల తరబడి పాఠకుణ్ణి పట్టి ఉంచేది విస్మయం కాదు, భాగానికీ భాగానికీ నడుమ ఉన్న ఖాళీలో పెరిగే ఔత్సుక్యం. సంచారి ఇక్కడ స్థాయి పని చేస్తున్నది. దీన్ని రసాభాస అని తోసివేయవచ్చు. అంతకంటే, మాలికను ఒకే దీర్ఘ నవలగా చదివి కొలవడం పొరపాటని గుర్తించడం మేలనిపిస్తుంది. దాని నిర్మాణంలో ఖాళీ కూడా ఒక భాగం.

ఈ ఖాళీని ఆధునిక తెలుగులో అందరికంటే ఎక్కువకాలం నిర్వహించినది 'చందమామ'. 1947లో మొదలైన ఆ మాసపత్రికలో 1954 నాటి 'తోకచుక్క'తో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఆరంభమయ్యాయి. ఆ వరసలో కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం అనే ఏడు శీర్షికలు చూడండి. ఏడూ స్థలాల పేర్లే. వీరుడి పేరు అట్ట మీదికి ఎక్కలేదు. పాఠకుడు నెల నెలా తిరిగి వెళ్లేది ఒక మనిషి దగ్గరికి కాదు, ఒక చోటికి. ఆంగ్లంలో ఇప్పుడు 'లోకనిర్మాణం' అంటూ గొప్పగా చెప్పుకొనే పనిని దాసరి ఆర్భాటం లేకుండా, నెలకు కొన్ని పుటల చొప్పున చేసుకుపోయారు. చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు గీసిన కొండచరియలూ కోటగోడలూ ఆ పనిలో సగభాగం. కనుక 'హాగ్వార్ట్స్'కు అలవాటు పడిన తెలుగు పాఠకుడు కొత్త అలవాటేదీ చేసుకోలేదు.

కొత్తది మరొకటి ఉన్నది. జానపద ధారావాహికలో మాంత్రికుడు చస్తాడు, శాపం విడుస్తుంది, రాజ్యం హక్కుదారుకు చేరుతుంది. ఆ కథల్లో చెడుగు బయటినుంచి వచ్చి కూర్చున్నదే తప్ప సింహాసనంలో పుట్టినది కాదు. దుర్లోక నవల ఆ పట్టాభిషేకాన్ని నమ్మదు. తెలుగు పాఠకుడు ఔత్సుక్యాన్ని వెంట తెచ్చుకున్నాడు, అపనమ్మకాన్ని మాత్రం ఇక్కడ నేర్చుకున్నాడు. ఎందుకు నేర్చుకున్నాడనే ప్రశ్నకు జవాబు పుస్తకంలో సగమే ఉంటుంది. మిగతా సగం కోసం పాఠకుడి ఊరు చూడాలి.

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలుమార్గంలో రామగుండం దగ్గర విద్యుత్తు, మందమర్రి, బెల్లంపల్లిల్లో బొగ్గు, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో కాగితం. మార్గానికి కొంచెం ఎడంగా సిరిసిల్లలో బట్ట. ఒక్కో ఊరికి ఒక్కో ఉత్పత్తి; ఉత్పత్తి అయినది రైలెక్కి వెళ్లిపోతుంది. కాగజ్ అంటే ఉర్దూలో కాగితం కనుక మా ఊరికైతే సరుకు పేరే ఊరిపేరయింది. సుజాన్ కాలిన్స్ 'హంగర్ గేమ్స్'లోని పానెమ్ దేశంలో పన్నెండు జిల్లాలు. వాటికి పేర్లు లేవు. ఒక అంకె, ఒక సరుకు, అంతే. పన్నెండో జిల్లాది బొగ్గు, ఎనిమిదోది బట్ట, అయిదోది విద్యుత్తు, ఏడోది కలప. కలపలోంచే కాగితం వస్తుందని కాగజ్‌నగర్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. వెదురు, కలప లారీలను చూస్తూ పెరుగుతారు. న్యూయార్కు పాఠకుడికి ఈ జిల్లాల పట్టిక రచయిత్రి చేసిన చమత్కారం. ఈ రైలుమార్గం మీది పాఠకుడికి అది దాదాపు కాలపట్టిక.

పోలికను ఇంతకు మించి లాగడం న్యాయం కాదు. పానెమ్‌లో ఏటా పిల్లల్ని ఎంపికచేసి చంపించే క్రీడ ఉన్నది, మనకు లేదు. నిజాం పాలనలో 1938లో స్థాపితమైన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది, 2018లో కొత్త యాజమాన్యం కింద తెరుచుకున్నది. ఆ నాలుగేళ్ల కాగజ్‌నగర్‌ను దుర్లోకమనడం అక్కడ బతికినవాళ్లను కథాపాత్రలుగా మార్చడమే అవుతుంది. నేను చెప్పదలచినది చిన్న సంగతి. ఊరి బతుకంతా ఒకే గేటు మీద ఆధారపడి ఉండటమంటే ఏమిటో తెలిసిన పాఠకుడు, ఈ నవలలో అందరూ దాటిపోయే ఒక ఏర్పాటు దగ్గర ఆగిపోతాడు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల పేర్లు లాటరీలో పడతాయి. ఎవరైనా తమ పేరు అదనంగా మరోసారి వేయిస్తే ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యం, నూనె ఇస్తారు. అదనపు చీట్లు ఏటా కలుస్తూ పోతాయి. గేల్ అనే బొగ్గు జిల్లా కుర్రవాడి పేరు మొదటి భాగం నాటికి నలభైరెండుసార్లు పడి ఉంటుంది. లాటరీ అందరికీ సమానమే, ఆకలి మాత్రం సమానం కాదు. రేషన్ కార్డు ఉన్న ఇంట్లో పెరిగిన పాఠకుడికి ఈ లెక్క విడమరిచి చెప్పనవసరం లేదు. క్రీడారంగంలోని బాణాలూ మంటలూ కంటే ఈ ఒక్క లెక్క ఈ మాలికలో గొప్ప కల్పన అని నా నిశ్చయం. అది కల్పనలా కనిపించకపోవడమే దాని బలం.

పలాయనవాదం మాటను ఇక్కడ తిరిగి చూడాలి. అద్భుత కథలపై 1939లో చేసి 1947లో అచ్చువేసిన ప్రసంగంలో టోల్కీన్ ఖైదీ తప్పించుకోవడానికీ, సైనికుడు యుద్ధం నుంచి పారిపోవడానికీ తేడా చూపాడు. విమర్శకులు ఈ రెంటినీ కలిపేస్తున్నారని ఆక్షేపించాడు. ఈ తేడా మనకూ పనికొస్తుంది, కానీ సరిపోదు. దుర్లోక నవల చదివే కాగజ్‌నగర్ పాఠకుడు తప్పించుకున్నది ఎక్కడికి? మరొక బొగ్గు ఊరికి. అక్కడా తండ్రులు గనిలో చనిపోతారు. కథానాయిక కాట్నిస్ తండ్రి పోయింది గని పేలుడులోనే. ఇది పారిపోవడం కాదు, తిరిగి రావడం, కాకపోతే దొడ్డిదారిన.

ముందుదారి లేకనా అంటే, ఉన్నది. ఉత్తర తెలంగాణకు బలమైన వాస్తవికవాద సంప్రదాయం ఉన్నది. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది', సాహు – రాజయ్యల 'కొమురం భీము' ఈ నేల కథను పేరు పెట్టి చెప్పాయి. ఊరి పేరు, దొర తీరు, పోరాటం జరిగిన చోటు దాచకుండా చెప్పడం ఆ నవలల నీతి. దుర్లోక నవల పేరు తీసివేసి చెబుతుంది. పేరు తీసేయడంలో నష్టం ఉన్నది: పాఠకుడు తన ఊరిని గుర్తించకుండానే పుస్తకం మూసేయవచ్చు. లాభమూ ఉన్నది: పేరుతో చెప్పినప్పుడు 'అది వాళ్ల కథ' అని పక్కకు జరిగేవాడు, పేరు లేనప్పుడు జరగడానికి చోటు దొరకక తానే అందులో నిలబడతాడు. ఈ రెండు పద్ధతులూ ఒకే పాఠకుడి అల్మారాలో పక్కపక్కన ఉండగలవన్న సంగతి విమర్శకులు ఒప్పుకోవలసి ఉంది.

ఈ కోవలో వచ్చినవన్నీ మంచివని కాదు. వెరోనికా రాత్ 'డైవర్జెంట్' మాలిక (2011–2013) సమాజాన్ని శ్రమను బట్టి కాక స్వభావాన్ని బట్టి అయిదు వర్గాలుగా విడదీస్తుంది. ధైర్యవంతులొక వర్గం, జ్ఞానులొక వర్గం. ఇది ఏర్పాటు కాదు, జాతకచక్రం. ఎవరి చెమట ఎవరి పళ్లెంలోకి వెళుతున్నదో గట్టిగా అడగని దుర్లోకం వేషం మార్చిన రాజకుమారి కథగానే మిగులుతుంది. మూడో భాగానికి వచ్చేసరికి ఔత్సుక్యం కూడా సడలిపోతుంది. మంచి మాలికల్లో సైతం తిరుగుబాటు భారమంతా ఒక అమ్మాయి భుజం మీద పెట్టే అలవాటున్నది. సమష్టి పోరాటాల నవలలు చదివిన మనకు అది ఇబ్బందిగానే తోస్తుంది.

అయితే కాలిన్స్ ఈ ఇబ్బందిని చివరిలో ఎదుర్కొన్నది. 'మాకింగ్‌జే' ముగింపులో యుద్ధం గెలిచిన తిరుగుబాటు నాయకురాలు కాయిన్, ఓడిన రాజధాని పిల్లలతో చివరిసారి అదే క్రీడ జరిపిద్దామని ప్రతిపాదిస్తుంది. పాత అధ్యక్షుణ్ణి బహిరంగంగా చంపడానికి బాణం ఎక్కుపెట్టిన కాట్నిస్ గురి మార్చి కొత్త అధ్యక్షురాలిని కొడుతుంది. జానపద నవల పట్టాభిషేకం చేసే చోట ఈ నవల బాణం వేసింది. రాకాసిలోయ నుంచి నడిచి వచ్చిన తెలుగు పాఠకుడు మొదటిసారి ఉలిక్కిపడేది ఇక్కడే.

ఇలాంటి మాలిక తెలుగులో ఇక్కడి సరుకుతో ఎందుకు రాలేదన్నది మిగిలిన ప్రశ్న. భవిష్యత్తును కథగా చెప్పడం మనకు కొత్త కాదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'లో బ్రహ్మ సరస్వతికి వినోదానికి చెప్పిన కథ తరవాత భూమ్మీద నిజమై కూర్చుంటుంది. జరగబోయేదాన్ని జరిగినట్లుగా చెప్పే ఆ కాలవిన్యాసం దుర్లోక నవలకు మూలధనం. లింగో విడిపించిన బందీలు, మిల్లు గేటు, బొగ్గు రైలు – వస్తువుకు కొరత లేదు. కొరత ఉన్నదల్లా గోపుడి వంటి పాఠకుడు ఉన్నాడని నమ్మి, రెండో మజిలీ దాకా ఆగగల ప్రచురణకు. మొదటి భాగాన్ని చూసి 'పిల్లల పుస్తకం' అని పక్కన పెట్టని విమర్శకు.