వీడియోలో బేతాళుడు

1947లో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ‘చందమామ’ ఇప్పుడు రావడం లేదు. దానిలో మన పెద్దలు చదువుకున్న బేతాళ కథలను నేటి పిల్లలు ఫోన్లో వీడియోలుగా చూస్తున్నారు. కథ అదే, కానీ ఒకటి తగ్గింది. పుస్తకంలో బేతాళుడు ప్రశ్న అడగగానే నేను కింద ఉన్న జవాబుని చేత్తో మూసి ఆలోచిస్తాను. విక్రమార్కుడి జవాబుతో నాది కలవకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతాను. వీడియోలో ప్రశ్న వెంటే జవాబు వచ్చేస్తుంది. ఆపుకోవచ్చు కదా అంటారు. ఎంతమందిమి ఆపుతున్నాం?

పైగా చూడటానికి అక్షరాలు అక్కర్లేదు. మన హోసూరు ఇళ్ళల్లో తెలుగు మాట ఉంది. చదవకపోతే తెలుగు అక్షరం మిగలదు. అందుకే అమ్మానాన్నలు వారానికి ఒక్క కథైనా మాచేత పైకి చదివించాలి. ప్రశ్న దగ్గర ఆపి, “నువ్వేమంటావు?” అని అడగాలి.