మూడు ఇంగ్లీషు మాటలు, బర్మా తెలుగువాళ్ళు

పరాయి దేశంలో మనవాళ్ళు ఇద్దరు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న: "మీ నేటివ్ ఎక్కడండీ?" ఇంగ్లీషులో 'నేటివ్' అంటే ఒకచోట పుట్టి ఆ చోటుకు చెందినవాడు. మనం ఆ మాటను మనిషి మీద నుంచి తీసి ఊరికి పెట్టుకున్నాం. అది మనం పుట్టిన ఊరే కానక్కర్లేదు, తాతగారి ఊరైనా సరిపోతుంది. వాడుక మారడం తప్పు కాదు. కానీ పుట్టిన ఊరూ, తాతల ఊరూ ఒకటే అనుకుంటే ఏమవుతుందో బర్మా తెలుగువాళ్ళ కథ చెబుతుంది.

ఇప్పటి యాంగాన్ విమానాశ్రయం ఉన్నచోటు మింగళాడోన్. ఆ పేరు మొదట్లో వినిపించేది పాళీ ద్వారా వెళ్ళిన మన 'మంగళ' శబ్దమే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీదా, మింగళాడోన్ వైమానిక స్థావరం మీదా బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. వారిలో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మన కోస్తా కూలీలు ఎందరో. ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. దారిలో వేలమంది పోయారు.

సర్కారు కాగితాల్లో వీళ్ళు 'ఇవాక్యూయీలు', అంటే ఎవరో పూనుకుని క్షేమంగా తరలించినవాళ్ళు. అస్సాం తేయాకు తోటలవాళ్ళు పెట్టిన శిబిరాలు కొందరిని ఆదుకున్న మాట నిజమే. కానీ చాలామంది తమ కాళ్ళనే నమ్ముకుని వచ్చారు. ఆ సంగతి ఈ మాటలో కనపడదు. తెలుగులో మనం 'కాందిశీకులు' అన్నాం. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు పోను?' అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. అందులో మనిషి గొంతు వినిపిస్తుంది.

మూడో మాట 'రిపాట్రియేట్'. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. మళ్ళీ వేలకొద్దీ కుటుంబాలు ఓడలెక్కాయి. వీళ్ళను 'స్వదేశానికి తిరిగి వచ్చినవారు' అని మనవాళ్ళూ రాశారు. ఇక్కడ అనువాదం కన్నా ఆలోచనలోనే పొరపాటుంది. 1937 దాకా బర్మా బ్రిటిషిండియాలో ఒక రాష్ట్రమే. తాత రంగూను వెళ్ళినప్పుడు దేశం దాటలేదు. మనవడు అక్కడే పుట్టి, అక్కడి బడిలో చదివి, విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపుకు చేరితే, అతను తిరిగి వచ్చినట్టా? జీవితంలో మొదటిసారి పరదేశం వచ్చినట్టా?

ఈ ప్రశ్న మన ఇళ్ళలోనూ ఉంది. "ఎప్పటికైనా తిరిగి వెళ్ళిపోదాం" అని పిల్లల ముందు అంటూంటాం. తిరిగి వెళ్ళేది మనం. వాళ్ళు కొత్తగా వెళతారు. 'మన నేటివ్' అనేముందు వాళ్ళనూ ఒకమాట అడగడం మంచిది.