తీగ లాగితే

మెదక్‌లో మూడు రోజులుగా ముసురు విడవడం లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా చెమర్చింది. ఆరేసిన బట్టలు వాసన పట్టాయి. అగ్గిపుల్ల మూడోసారి గీస్తే గాని అంటుకోవడం లేదు. ఇలాంటి పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చేది బస్సు గాలి ట్యాంకు. స్టీరింగు వదిలి ఏళ్లయింది. అయినా ముసురు పట్టిందంటే కుడిచేతి వేళ్లు తీగ కోసం వెతుకుతాయి.

ఆ తీగ సంగతి చెప్పాలి. బస్సు కింద చాసిస్‌ను ఆనుకొని పొడుగాటి ఇనుప డ్రమ్ముల్లాంటి ట్యాంకులుంటాయి. బ్రేకు వేసే గాలి నిలవుండేది వాటిలోనే. ఒక్కో ట్యాంకు అడుగున చిన్న డ్రెయిన్ వాల్వు, దానికో రింగు. రోజూ బురదలో పడుకొని ఆ రింగు అందుకోలేమని మా డ్రైవరు ఉస్తాద్ దానికి బైండింగ్ వైరు ముక్క కట్టి, బాడీ అంచుదాకా లాక్కొచ్చి, కొస వంచి పెట్టాడు. పొద్దున ఇంజను వేయకముందే ఆ తీగ లాగాలి. లాగితే బుస్సుమని గాలితో పాటు నీళ్లు చిమ్ముతాయి. నీళ్లు ఆగి ఒట్టి గాలి వచ్చేదాకా వదలకూడదు. హెల్పరుగా చేరిన మొదటి రోజు నాకు అప్పజెప్పిన మొదటి పని ఇదే. అద్దాలు తుడవడం, చాయ్ తేవడం తర్వాత.

మూతలన్నీ బిగించి ఉన్న ఇనుప ట్యాంకులోకి నీళ్లెవరు పోశారని అడిగాను.

"ఎవ్వడు పొయ్యలే బిడ్డా. గాలే తెచ్చుకుంటది" అన్నాడు.

అంతకన్నా బాగా ఆ సంగతిని ఇప్పటికీ నేను చెప్పలేను. లెక్క మాత్రం తర్వాత తెలిసింది. ముప్పై డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. ముసురు రోజున నిండా మోస్తూనే ఉంటుంది. కంప్రెసర్ అలాంటి గాలిని పీల్చి, తొమ్మిది ఘనమీటర్లను ఒక్క ఘనమీటరులోకి నొక్కుతుంది. గాలి నలిగి చిన్నదవుతుంది, అందులోని తేమ నలగదు. కంప్రెసర్‌లో కాగిన గాలి పైపుల వెంట వచ్చి ట్యాంకులో చల్లారుతూ, మోయలేని బరువు దించేస్తుంది. బయటి గాలంత చల్లబడిందంటే, తొమ్మిది ఘనమీటర్లు మోసుకొచ్చిన 270 గ్రాముల్లో 30 గ్రాములే ఆవిరిగా నిలుస్తాయి. మిగిలిన 240 గ్రాములు ట్యాంకు అడుగున నీళ్లు. పావు లీటరుకు కొంచెం తక్కువ.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. నాన్‌స్టాప్ బండికన్నా పల్లెవెలుగు బండి ఎక్కువ నీళ్లు తాగుతుంది. మెదక్ నుంచి రామాయంపేట వైపు గాని, ఎల్లారెడ్డి వైపు గాని పోయే బండి చేయెత్తిన చోటల్లా ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ బ్రేకు చాంబర్లలోని గాలి బయటికి పోతుంది, ఆ మేరకు కంప్రెసర్ మళ్లీ కొత్త గాలి పీల్చాలి. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఊరి స్టేజీల్లో ఎక్కేవాళ్లు పెరిగారు. నిలబడ్డవాళ్లతో కిక్కిరిసిన బండి ఆగుతూ ఆగుతూ పోతుంటే, లోపల కూర్చున్నవాళ్లకు పెరిగిన రద్దీ కనిపిస్తుంది. నాకు కింద ట్యాంకులో పెరుగుతున్న నీళ్లు కనిపిస్తాయి.

ఒక భాద్రపదంలో నేను ఆ పని ఎగ్గొట్టాను. అప్పుడు మేము పెళ్లిళ్లకు, జాతరలకు తిరిగే ఒక ప్రైవేటు బస్సు మీద ఉన్నాం. కింద బురద, పైన చినుకు. రెండు వారాలు తీగ ముట్టలేదు. "నీళ్లు తీసినవారా?" అని ఉస్తాద్ పొద్దున్నే అడిగేవాడు. "తీసిన ఉస్తాద్" అనేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

ఆ రెండు వారాల్లో నేనొకటి గమనించి సంబరపడ్డాను కూడా. ఇంజను వేయగానే మీటరులో గాలి ముల్లు మునుపటికన్నా తొందరగా పైకెక్కుతోంది. కంప్రెసర్ జోరుమీదుందనుకున్నాను.

ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గర మొక్కు తీర్చుకున్న ఒక ఇంటివాళ్లను, వాళ్ల చుట్టాలను ఎక్కించుకొని తిరిగొస్తున్నాం. వెనక సీట్లలో పిల్లలు పాటలు పాడుతున్నారు. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా బర్ల మంద. ఉస్తాద్ బ్రేకు తొక్కాడు, కాస్త వదిలాడు, మళ్లీ తొక్కాడు. తొక్కిన ప్రతిసారీ ముల్లు మెట్లు దిగినట్టు కాకుండా బావిలో చేద జారినట్టు కిందికి పోయింది. నాలుగోసారికి బజర్ మోగింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. గేర్లు తగ్గించి బండిని ఇంజను మీద గుంజి, మిగిలిన కాస్త గాలిని ఒక్క తొక్కుకు వాడి, బర్లకు నాలుగడుగుల దూరంలో ఆపాడు. నన్ను దిగి చక్రాల కింద రాళ్లు పెట్టమన్నాడు. తనే కిందికి వంగి తీగ లాగాడు.

బుస్సుమనలేదు. నల్లా తిప్పినట్టు నీళ్లు వచ్చాయి. తుప్పు రంగు నీళ్లు. మంద మొత్తం రోడ్డు దాటిపోయింది, నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నేనే ఏడుపు గొంతుతో అంతా చెప్పేశాను, ముల్లు తొందరగా ఎక్కుతోందని సంబరపడ్డ ముచ్చటతో సహా.

"ట్యాంకుల నీళ్లు నిండితే గాలికి జాగేడిదిరా?" అన్నాడు. "జర్రంత గాలికే నిండుతది. జర్రంత తొక్కుడుకే అయిపోతది. ముల్లు జల్ది ఎక్కితే ఖుషీ గాదు, భయపడాలె."

నీళ్లు చేసే చేటు అక్కడితో ఆగదు. ట్యాంకు లోపలి గోడ తుప్పు పట్టి పొక్కులు లేస్తాయి. ఆ పొక్కులు గాలితో పాటు పోయి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. లోపలి గ్రీజును నీళ్లు కడిగేస్తాయి. అప్పుడు తొక్కినా బ్రేకు ఆలస్యంగా పడుతుంది, వదిలినా ఆలస్యంగా వదులుతుంది. రోజుకు కాస్త కాస్తగా వచ్చే ఆలస్యం కాబట్టి డ్రైవరు కాలు దానికి అలవాటు పడిపోతుంది. నన్నడిగితే అసలు ప్రమాదం ఆ అలవాటు పడడమే.

ఆ రోజు తర్వాత ఉస్తాద్ నాకు నీళ్లు తీయడమే కాదు, చూడడం నేర్పాడు. వాల్వు కింద అరచెయ్యి పట్టి నాలుగు చుక్కలు తీసుకోవాలి. తేటగా ఉంటే అవి వాతావరణం నీళ్లు, భయం లేదు. తుప్పు రంగుంటే ట్యాంకు లోపల తింటోంది. మజ్జిగలా తెల్లగా ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తగిలితే కంప్రెసర్ నూనె విడుస్తోంది, దాని పిస్టన్ రింగులు అరిగాయి. నల్లటి మడ్డి వస్తే నూనె మాడుతోంది, కంప్రెసర్ వేడెక్కుతోంది. ఆ వాల్వుల మీద సుందరం క్లేటన్ అని ఇంగ్లీషులో పోత పోసి ఉండేది. 1962లో మద్రాసులో, ఇంగ్లండు కంపెనీ పొత్తుతో మొదలైన సంస్థ అది. జిడ్డు తుడుస్తూ నేను కూడబలుక్కొని చదివిన మొదటి ఇంగ్లీషు పేరు అదే.

మా గల్లీలో మిలటరీ కాక ఉండేవాడు. పటాలంలో లారీ తోలి, లేహ్, కార్గిల్ మధ్య తిరిగి వచ్చినవాడు. ఒక చలికాలం పొద్దున, క్రిస్మస్ ముందు రోజుల్లో, మెదక్ చర్చికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నప్పుడు, మేము తీగ లాగుతుంటే చూసి ఆగాడు. చలిలో ఆదిలాబాద్‌తో పాటు మా మెదక్ పేరు కూడా వాతావరణ వార్తల్లో వినిపిస్తుంటుంది, అయినా ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు.

"పొద్దుగాల తీస్తున్నవేంది ఉస్తాద్? మేము మాపటికే తీస్తుంటిమి" అన్నాడు కాక.

"రాత్రంత సల్లబడి, ఉన్న తేమంత అడుగుకు దిగుతది గద కాకా. పొద్దుగాల తీస్తె మొత్తమొస్తది."

"మా దిక్కు పొద్దుగాల దాక ఆగితె రింగే కదలది. లోపల రాయి లెక్క గడ్డకడ్తది."

చాయ్ తాగుతూ కాక చెప్పినవి నేను మరిచిపోలేదు. లేహ్, కార్గిల్ దారిలోని ఫోతూ లా కనుమ 4,108 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ సాయంత్రం ఇంజను వేడిగా ఉండగానే, నీళ్లు నీళ్లుగా ఉండగానే వదిలెయ్యాలి. పైపు వంపులో మిగిలిన చుక్క కందిగింజంత మంచై వాల్వుకు అడ్డం పడితే చాలు. తొక్కితే గాలి చక్రం దాకా పోదు. లేదా పోయిన గాలి తిరిగి రాదు, పట్టిన బ్రేకు వదలదు, చక్రం ఈడ్చుకుంటూ వస్తుంది. రబ్బరు గొట్టాలు కాలిపోతాయని మంట దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదట, వేడినీళ్లలో ముంచిన గుడ్డలు చుట్టేవాళ్లట. మంచు దేశాల్లో గాలిలోకి మిథనాల్ ఆవిరి కలిపే పరికరాలుండేవి, నీళ్లు గడ్డకట్టకుండా. ఆ మందును నేరుగా పైపుల్లో పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి, అందుకే చేతికొచ్చినట్టు పోయకూడదు.

పొద్దునా మాపా అని ఇద్దరూ చాయ్ చల్లారేదాకా వాదించుకున్నారు. ఆ ఇద్దరిలో తప్పు చెప్పినవాడు లేడని, ఎవరి నేల చలి వాళ్ల చేత చెప్పించిందని నాకు తర్వాత అర్థమైంది.

గాలిని నమ్ముకున్న ఈ బ్రేకు మొదట రైలుది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైలుకు గాలి బ్రేకు పేటెంటు తీసుకున్నాడు. అందులో గాలి వస్తేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872లో దాన్ని తిరగేసి, గాలి తగ్గితేనే బ్రేకు పడేలా చేశాడు. ఇప్పటి బస్సుల్లో రెండూ ఉన్నాయి. కాలి బ్రేకు గాలితో పడుతుంది. పార్కింగు బ్రేకును బలమైన స్ప్రింగు వేస్తుంది, గాలి దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి పూర్తిగా పోతే ఆ స్ప్రింగే బండిని ఆపుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ వాల్వులో ఇరుక్కున్న తుప్పు పొక్కు సంగతి స్ప్రింగుకు తెలియదు.

ఇప్పటి బస్సులకు ఎయిర్ డ్రయర్ ఉంటుంది. డబ్బాలాంటి కాట్రిడ్జి, దాని లోపల సగ్గుబియ్యంలాంటి గుళికలు. గాలి వాటి మధ్య నుంచి పోతే తేమ గుళికలకు పట్టుకుంటుంది. ట్యాంకులు నిండగానే, దాచిపెట్టిన కాస్త పొడిగాలి వెనక్కి వచ్చి, ఆ తేమను ఊడ్చుకొని బయటికి పోతుంది. స్టాండులో నిలబడ్డ బస్సు ఉన్నట్టుండి "ఫుస్స్" మంటే ఉలిక్కిపడతాం చూడండి, అదే. మంచు ప్రాంతాల బండ్లకు అందులో చిన్న హీటరు కూడా పెడతారు.

డ్రయర్ వచ్చాక తీగ లాగడం చాలామంది మానేశారు. నేను ఒప్పుకోను. ఒకప్పుడు నీళ్లు పోవాలని లాగేవాళ్లం. ఇప్పుడు నీళ్లు లేవని తెలుసుకోవడానికి లాగాలి. డ్రయర్ ఉన్న బండిలో గ్లాసెడు నీళ్లు వచ్చాయంటే గుళికలు చచ్చిపోయాయన్నమాట. నూనె పట్టినా చస్తాయి. అది చెప్పే బజర్ నేను నడిపిన ఏ బండిలోనూ లేదు. చెప్పేది ఆ వాల్వు ఒక్కటే.

మా ఎదురింటి కుర్రాడు పిల్లల బస్సు నడుపుతాడు. మొన్న ముసురు మొదలైన రోజున నీళ్లు తీస్తున్నావా అని అడిగాను.

"డ్రయరుంది కద తాతా" అన్నాడు.

"ఉండనీ బిడ్డా. ఒక్కసారి గుంజు."

గొడుగు పట్టుకొని పక్కన నిలబడ్డాను. రింగు బిగుసుకుపోయి ఉంది, ప్లయర్‌తో కదిలించాడు. మొదట గాలి, ఆ వెంటనే తెల్లటి నీళ్లు. అరచెయ్యి పట్టాను. జిడ్డు. వాడు నా చేతిలోకి చూశాడు, బస్సులో వేలాడుతున్న పిల్లల టిఫిను సంచి వైపు చూశాడు. ఆ పూట బండి తీయలేదు, ఓనరుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా కంప్రెసర్ విప్పారు, కాట్రిడ్జి మార్చారు.

ఈ పొద్దున వాడే వచ్చి పిలిచాడు. రింగుకు కొత్త బైండింగ్ వైరు కట్టి ఉంది. వాన పడుతూనే ఉంది కాబట్టి చెయ్యి బస్సు కిందికి దూర్చి పట్టాను. వాడు తీగ లాగాడు. బుస్సుమని చల్లటి గాలి చాలాసేపు అరచేతిని కొట్టింది. చెయ్యి బయటికి తీసి ఇద్దరం చూశాం. పొడిగా ఉంది.