గళ్ల కాగితం, చింతగింజలు

కంప్యూటర్ తెరిచే ముందు నేను ఇప్పటికీ బల్ల మీద గళ్ల కాగితం పరుస్తాను. పక్కన గుప్పెడు చింతగింజలు, ఒక రూపాయి నాణెం. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎంత ప్రొటీన్ తయారవ్వాలో కణం ఎలా అదుపు చేస్తుందన్నది లెక్కల్లోకి తేవడం నా పని.

గళ్లు కోడాన్లు, గింజలు రైబోజోములు. గింజ గింజకూ నాణెం ఎగరేస్తాను. బొమ్మ పడి, ముందు గడి ఖాళీగా ఉంటేనే గింజ జరుగుతుంది. ముందున్నదాన్ని దాటిపోవడం కుదరదు. నిజం రైబోజోము దాదాపు పది కోడాన్ల మేర ఆక్రమిస్తుంది గానీ, కాగితం మీద ఒక్క గడితో సరిపెట్టుకుంటాను. ఈ ఆటనే 1968లో మెక్‌డోనాల్డ్, గిబ్స్, పిప్కిన్ సమీకరణాలుగా రాశారు. రోడ్ల మీద ట్రాఫిక్‌ను లెక్కగట్టేవాళ్లకూ తర్వాత ఇదే పనికొచ్చింది.

కొత్త గింజ మొదటి గడిలోకి రావాలంటే మాత్రం వరసగా ఐదుసార్లు బొమ్మ పడాలి. అలా పెట్టాక గింజలు దూరదూరంగా నడుస్తాయి. ఇప్పుడు ఎక్కిన గింజలకు నాణెం పక్కనపెట్టి, ప్రతిసారీ అన్నిటినీ జరిపి చూడండి. అవతలి చివర దిగే గింజల లెక్క ఇంచుమించు మారదు. ఎక్కడమే ఆలస్యమైతే నడక పెంచి లాభం లేదు. చాలా జన్యువులకు పగ్గం ఈ మొదటి గడి దగ్గరే ఉంటుంది. ఎన్ని పుస్తకాలు చదివినా, గింజలు వేలితో నెట్టాకే ఇది నాకు ఒంటబట్టింది.

ఆ ధైర్యంతోనే ఈస్ట్‌లోని జీసీఎన్4 జన్యువు మీద చెయ్యి వేశాను. అమైనో ఆమ్లాలు కరువైతే ఈస్ట్ కణం ఇఐఎఫ్2 అనే ప్రారంభ కారకాన్ని కట్టడి చేస్తుంది, మొత్తం మీద ప్రొటీన్ల తయారీ తగ్గుతుంది. నా నమూనాలో జీసీఎన్4 కూడా తగ్గింది. కణంలో అది పెరుగుతుంది! వారం రోజులు ప్రోగ్రామును వరస వరసా వెతికాను. తప్పు అందులో లేదు. ఆ జన్యువుకు నేను ప్రొటీన్ తయారీ మొదలయ్యే గుమ్మం ఒక్కటే పెట్టాను. అసలు గుమ్మానికి ముందు నాలుగు చిట్టి గుమ్మాలున్నాయి. వాటి గుట్టు విప్పడానికి అలన్ హినెబుష్ బృందానికి ఏళ్లు పట్టింది.

మొదటి చిట్టి గుమ్మం దగ్గర పని ముగిశాక రైబోజోము చిన్న భాగం చాలాసార్లు దిగిపోకుండా ముందుకు సాగుతుంది. కానీ మళ్లీ మొదలుపెట్టాలంటే ఇఐఎఫ్2 మోసుకొచ్చే మొదటి అమైనో ఆమ్లం దానికి కొత్తగా దొరకాలి. అది దొరికిందనడానికి గుర్తుగా గింజకు కుంకుమ బొట్టు పెడతాను. తిండి బాగా ఉన్నప్పుడు బొట్టు త్వరగా పడుతుంది. గింజ నాలుగో గుమ్మంలోనే దూరి, అక్కడితో దిగిపోతుంది. కరువులో బొట్టు ఆలస్యం. అంటే ఇక్కడ దూరమే గడియారం. మొదటి గుమ్మానికీ నాలుగోదానికీ మధ్య దూరం పెంచితే జీసీఎన్4 తగ్గాలి. ప్రయోగశాలలో పెంచి చూశారు, తగ్గింది.

కాగితం మీద కరువు తేవడానికి బొట్టుకు ఒక బొమ్మ బదులు నాలుగు బొమ్మలు పడాలని నియమం మార్చాను. బొట్టు లేని గింజ నాలుగో గుమ్మం మీదుగా వెళ్లిపోయింది. ఇంకో రెండు గళ్లలో జీసీఎన్4 ఉందనగా, నాలుగోసారీ బొమ్మ పడింది.