అమరావతి ఆకాశరేఖ: ఆకృతి, ప్రయోజనం, అతిశయం

ప్రకాశం బ్యారేజీ మీద నిలిచి చూసేవారికి విజయవాడ రూపాన్ని కొండలే తీర్చిదిద్దినట్లు తోస్తుంది. ఇంద్రకీలాద్రి, గుట్టలమీది ఇళ్ళ వరుసలు, ఎగువన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు ఈ నగరానికి గుర్తులు. 1968లో కొండమీద గాంధీ స్తూపం, 2024లో స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం వాటితో చేరాయి. ఆవలి ఒడ్డున ఉండవల్లి కొండ దాటితే చాలావరకు చదునైన నల్లరేగడి నేల. ఆ నేలమీద అమరావతి రాజధానికి తలపెట్టిన భవనాలు ఈ ప్రాంతపు ఆకాశరేఖనే మార్చివేయనున్నవి. ఆ ఆకృతులు ఇక్కడికి తగినవేనా అన్న ప్రశ్న అందుచేత విచారణీయం.

2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2016లో జపాన్‌కు చెందిన మాకీ సంస్థ నమూనా ఎంపికయింది. అది థర్మల్ కేంద్రపు గొట్టాలవలె ఉన్నదన్న విమర్శ చెలరేగి, చివరకు ఆ సంస్థనే మార్చారు. తరువాత వచ్చిన బ్రిటిష్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ శాసనసభకు 250 మీటర్ల ఎత్తుకు సూదిగా సాగే శంకువు వంటి కప్పునూ, హైకోర్టుకు బౌద్ధ స్తూపాన్ని తలపించే మెట్ల కప్పునూ రూపొందించింది. సచివాలయానికి ఐదు ఎత్తయిన సౌధాలు నిర్ణయమైనాయి. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగిపోగా, 2025 మే 2న తిరిగి ప్రారంభమైనాయి.

అసాధారణమైన ఆకృతి తనంతట తాను దోషం కాదు. తొమ్మిదవ శతాబ్దిలో సామర్రా మస్జిద్‌కు కట్టిన మెలికల మినారు వంటిది మన దేశపు మస్జిదులలో కానరాదు. 1591లో చార్మినార్ లేచినపుడు అదీ కొత్తదే. కనుక "ఎన్నడూ చూడనిది" అన్న అభ్యంతరం నిలువదు. మరి దేనిని బట్టి తూచాలి?

దివ్య ఖుర్ఆన్‌లోని అష్షుఅరా సూరాలో హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) ఆద్ జాతిని మందలించిన ఘట్టం ఉన్నది. ఆ మందలింపులో మూడు విషయాలు వరుసగా వస్తాయి: ఎత్తయిన చోటులందు వ్యర్థంగా చిహ్నాలు లేపడం, శాశ్వతంగా ఉండిపోతామన్న భ్రమతో కట్టడాలు కట్టడం, ప్రజలపై నిర్దాక్షిణ్యంగా చేయి చేసుకోవడం. కట్టడాన్ని పరీక్షించడానికి ఇంతకన్న మంచి గీటురాళ్ళు అరుదు.

మొదటిది ప్రయోజనం. సచివాలయ సౌధాల వెలుపలి అల్లిక ఏటవాలు ఉక్కు దూలాలతో కూడినది. అది అలంకారం కాదు, బరువును మోసి గాలి ఒత్తిడిని తట్టుకొనే అస్థిపంజరం. ఢాకాలో జన్మించిన ముస్లిం ఇంజినీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ చికాగోలో 1969లో పూర్తయిన నూరంతస్తుల జాన్ హాన్‌కాక్ భవనానికి వెలుపలి ముఖాన పెద్ద పెద్ద అడ్డకర్రలవలె ఉక్కు దూలాలను వాడి, ఎత్తు కట్టడానికి పట్టే ఉక్కును బాగా తగ్గించాడు. ఆ భవనపు అందం ఆ పొదుపులోనే ఉన్నది. హైకోర్టు కప్పు కూడా ఈ గీటురాయికి నిలుస్తుంది. ముందుకు చాచిన చూరులు కృష్ణాతీరపు ఎండకు నీడనిస్తాయి.

శాసనసభ మాటే వేరు. సభ్యులు కూర్చొని చర్చించే మందిరానికి కొన్ని అంతస్తులు చాలు. మిగిలిన ఎత్తంతా చూపరులు ఎక్కి చూడడానికే. చదునైన డెల్టాలో ప్రజాసభ దూరం నుంచి కానరావడం కూడా ఒక ప్రయోజనమేనని సమర్థకులు అంటారు. అందులో కొంత న్యాయం ఉన్నది. అయితే చార్మినార్ నాలుగు వీధుల కూడలిలో నిలిచి, పై అంతస్తులో మస్జిద్‌ను మోస్తున్నది. ఆ ఆకృతి చోటులోంచీ పనిలోంచీ పుట్టింది. శాసనసభ శంకువు అంత గట్టి కారణం చూపలేకపోతున్నది.

రెండవది శాశ్వతత్వ భ్రమ. మహా కట్టడాలు ఒక్క రాజవంశంతో పూర్తికావని ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో వివరించాడు. అమరావతిలో అది కళ్ళయెదుటే రుజువైంది. పనులు ఆగిన ఏళ్ళలో సచివాలయపు పునాదులు నీటిలో నానాయి. తిరిగి ప్రారంభించే ముందు వాటి గట్టితనాన్ని నిపుణులచేత పరీక్ష చేయించవలసి వచ్చింది. సాధారణ భవనం సగంలో ఆగినా కట్టినంత మేరకు వాడుకోవచ్చు. సగంలో ఆగిన సూదిమొనతో ఎవరికి లాభం? తరువాతివారు పూర్తిచేయగల ఆకృతిని ఎన్నుకోవడం వినయం. ఆ వినయం కట్టించేవారికి ఉండాలి.

మూడవది ప్రజల హక్కు. ఈ రాజధానికి రైతులు 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. పనులు ఆగినపుడు వారు ఏళ్ళ తరబడి రోడ్డుమీద దీక్షలు చేశారు. భూమి లేని కూలీలకు పొలంతోపాటే పని పోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి మునిగాయి. అప్పుడే బ్యారేజీ గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగింది. ఇటువంటి నేలమీద ఆకాశరేఖ కన్న ముందు కాలువగట్లు గట్టిపడాలి. రైతుకు ప్లాటూ, కూలీకి పనీ, బస్తీకి వరదకట్టా దక్కిన తరువాత లేచే ఎత్తును ఎవరూ తప్పుపట్టరు.

ఈ తూనికను ఇతరుల కట్టడాలకే పరిమితం చేయడం న్యాయం కాదు. మక్కాలో 2002లో ఉస్మానీ కాలపు అజ్యాద్ కోటను కూల్చిన చోట 601 మీటర్ల గడియార సౌధం లేచి, కాబా గృహానికి నెత్తిమీదుగా నిలిచింది. ఎత్తైన భవనాలు కట్టడంలో పోటీపడడం ప్రళయ సూచనలలో ఒకటని హదీసు వలన తెలుస్తున్నది. ఇక మన డెల్టా పట్టణాల సంగతి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కట్టిన మదీనా మస్జిద్‌కు మినారు లేదు. హజ్రత్ బిలాల్ (రజి) పక్కనున్న ఇంటి కప్పెక్కి అజాన్ ఇచ్చారు. నేడు అజాన్ లౌడ్‌స్పీకరులో వినిపిస్తున్నా, మస్జిద్ కమిటీలు పొరుగు ఊరి మినారు కన్న తమది ఒక గజం ఎత్తుండాలని చందాలు పోగుచేస్తున్నాయి. ఆ పక్కనే మక్తబ్ పైకప్పు కారుతుంటుంది. వుజూ తొట్టి దగ్గర నీరు నిలిచి ఉంటుంది.

కావున తీర్పు ఇది. అమరావతి సచివాలయమూ హైకోర్టూ తమ ఆకృతికి కారణం చెప్పగలవు. శాసనసభ శిఖరం ఇంకా చెప్పవలసి ఉన్నది. దానిమీదికెక్కి చూసే మనిషికి కిందనున్న పల్లెలలో మాట దక్కిన రైతులూ, పని దొరికిన కూలీలూ కనిపిస్తే ఆ ఎత్తుకు అర్థం చేకూరుతుంది. లేకుంటే హూద్ (అలైహిస్సలాం) వేసిన ప్రశ్న దానికీ వర్తిస్తుంది, మన మినారుకూ వర్తిస్తుంది.